యూకేజీ తరగతిలో వినాయక చవితి: మట్టి, పత్రి, కథ, ప్రసాదం, ఏది ఎంతవరకు?

పలకబలపం:
నమస్కారం అండీ. యూకేజీ, 32 మంది పిల్లలు, వయసు నాలుగున్నర నుంచి ఐదున్నర మధ్య. ఒక టీచర్, ఒక ఆయా. గదిలో కుళాయి లేదు, వరండాలో ఉంది. ఈసారి (2026) చవితి సెప్టెంబర్ 14, సోమవారం. ఆ రోజు ఎలాగూ సెలవే కాబట్టి ఏం చేసినా ముందు వారంలోనే చేయాలి. మట్టి వినాయకుణ్ణి పిల్లల చేతే చేయించాలి, పత్రి చూపించాలి, ఒక కథ చెప్పాలి, ఉండ్రాళ్ళు పెట్టాలి అని యాజమాన్యం అంటోంది. అన్నీ ఒకే రోజు రెండు పీరియడ్లలో అయిపోవాలట. అయ్యే పనేనా? మట్టి ఎంత కావాలి, ఎలాంటిది కావాలి, ఆరడానికి ఎన్ని రోజులు పడుతుంది? తెలిసినవాళ్ళు కొలతలతో చెప్పగలరా?

కుమ్మరిసారె:
ఒకే రోజులో కాదండీ. మట్టి పని ఒక్కటే ఒక పూట తింటుంది. మట్టి గురించి చెప్తాను, మిగతావి వేరేవాళ్ళు చెప్తారు.

మనిషికి 200 గ్రాముల తడి మట్టి ఇవ్వండి. దానితో నాలుగు వేళ్ళ ఎత్తు బొమ్మ వస్తుంది. అంతకంటే ఎక్కువిస్తే పిల్లల చేతులకు లొంగదు, లోపల ఆరదు. 32 మందికి ఆరున్నర కిలోలు అవుతుంది. విరిగినవాటికీ, మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళకూ కలిపి తొమ్మిది కిలోలు చేతిలో ఉంచుకోండి.

కుమ్మరి దగ్గర కుండలకు కలిపిన మట్టి దొరికితే అదే తెచ్చుకోండి, ఏ పనీ ఉండదు. చెరువు మట్టి తెస్తే గడ్డలు నలగ్గొట్టి ఒక రాత్రంతా నానబెట్టాలి. మర్నాడు పలచగా చేసి జల్లెడ పట్టాలి. గాజు పెంకులు, ముళ్ళు, నత్తగుల్లలు అప్పుడే తేలతాయి. ఈ పని దయచేసి ఎగ్గొట్టకండి. తర్వాత పాత చీర ముక్కలో మూటకట్టి వేలాడదీస్తే నీరు కారిపోతుంది. మురుగు కలిసే చెరువు మట్టి మాత్రం పిల్లల చేతికి ఇవ్వకూడదు.

నల్లరేగడి ఒక్కటే వాడితే పగుళ్ళు ఖాయం. తడిస్తే బాగా ఉబ్బుతుంది, ఆరితే అంతగానూ కుంచించుకుపోతుంది. నాలుగు పాళ్ళ రేగడికి ఒక పాలు జల్లించిన సన్న ఇసుక కలిపితే తట్టుకుంటుంది.

పదును చూసుకోవడం ఎలాగంటే, వేలు మందాన తాడులా చేసి చూపుడువేలికి చుట్టండి. పైన బీటలు వారితే పొడి ఎక్కువైంది, నీళ్ళు చిలకరించి పిసకండి. వేలికి అంటుకుపోతే తడి ఎక్కువైంది, కాసేపు గోనెపట్టా మీద ఆరనివ్వండి. చపాతీ పిండి కంటే కొంచెం గట్టిగా ఉంటే సరిపోయినట్టు.

ఇక చేయించే క్రమం. ముద్దను ముందే రెండు సగాలు చేసి ఇవ్వండి. ఒక సగం పీట, బొజ్జ, కాళ్ళకు. రెండో సగంలో సగం తలకు, మిగిలింది చెవులు, చేతులు, లడ్డూకు. పీట అరచేయంత వెడల్పు, అరంగుళం మందం చాలు. దాని మీద బొజ్జ ఉండ. కాళ్ళు రెండు తాళ్ళు, మఠం వేసినట్టు మడవాలి.

తల దగ్గరే అందరూ తప్పుతారు. ఉండ చేసి, విడిగా తొండం చేసి అతికిస్తారు. అది ఆరేలోపే రాలిపోతుంది. అలా కాకుండా తల ముద్దను ముల్లంగిలా ఒకవైపు సాగదీయమనండి. లావు భాగం తల, సన్న భాగం తొండం. అతుకే లేకపోతే ఊడేదేముంది? ఆ సన్న చివరను పక్కకు వంచి బొజ్జకు ఆనిస్తే ఇంకా గట్టి. గాలిలో లేచిన తొండం ఐదేళ్ళ చేతికి పనికిరాదు.

చెవులు మాత్రం అతికించక తప్పదు. చెవి అంచునా, తల పక్కనా పుల్లతో నాలుగైదు గాట్లు పెట్టి, జారుగా కలిపిన మట్టి వేలితో రాసి, అదిమి, వెనకనుంచి మట్టిని మెత్తాలి. ఉత్త నీళ్ళు రాస్తే అప్పటికి అంటుకున్నట్టే ఉంటుంది, ఆరాక ఊడిపోతుంది. చెవులు మరీ పల్చగా చేస్తే అవి ముందే ఆరి ముడుచుకుంటాయి, తల ఇంకా తడిగా ఉంటుంది, దాంతో అతుకు దగ్గర చీలిక వస్తుంది. పావంగుళం మందం తగ్గకుండా చూడండి.

మెడకు కొబ్బరి ఈనె గుచ్చాలనుకుంటే పొట్టి ముక్క చాలు, అదీ టీచరే గుచ్చాలి. మట్టి కుంచించుకుంటుంది, ఈనె కుంచించుకోదు. అందుకే పొడవు ఈనె పెట్టిన బొమ్మలు మెడ దగ్గరే పగులుతాయి.

పీట అడుగున తడిగా ఉన్నప్పుడే హాజరు నంబరు గీకండి. ఆరాక 32 బొమ్మలూ ఒక్కలాగే ఉంటాయి, ఏడుపులు మొదలవుతాయి.

పలకబలపం:
చాలా వివరంగా చెప్పారు, కృతజ్ఞతలు. ఆరబెట్టడం? పోయినసారి పక్క సెక్షన్‌లో ఎండలో పెడితే సగం విరిగాయని విన్నాను.

కుమ్మరిసారె:
ఎండ వద్దు, ఫ్యాను కింద కూడా వద్దు. మొదటి రోజు నీడలో, పైన తడి గుడ్డ వదులుగా కప్పండి. రెండో రోజు గుడ్డ తీసేయండి. మూడో రోజు మెల్లగా పక్కకు ఒరిగించి పీట అడుగు ఆరనివ్వండి. కింద ప్లాస్టిక్ షీటు ఉంటే అడుగు ఎప్పటికీ ఆరదు. పాత న్యూస్‌పేపర్ వేసి రోజూ మార్చండి. ఈ వానల్లో నాలుగైదు రోజులు పడుతుంది. చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. పూర్తిగా ఆరినప్పుడు రంగు కూడా తేలిపోతుంది.

బడిగంట:
తేదీల లెక్క చూసుకోండి మేడమ్. 14 సోమవారం. 13 ఆదివారం, 12 రెండో శనివారం. అంటే చాలా బళ్ళకు ఆఖరి పనిదినం 11, శుక్రవారమే. ఐదు రోజులు ఆరాలంటే మట్టి పని 7వ తేదీ సోమవారం పొద్దునే అయిపోవాలి. 4వ తేదీ శుక్రవారం కృష్ణాష్టమి సెలవు. 5వ తేదీ శనివారం చేస్తే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఆదివారం గుడ్డ తీసేవాళ్ళు ఉండరు.

నేనైతే ఇలా సర్దుతాను. సోమవారం మట్టి. మంగళవారం కథ, పదిహేను నిమిషాలు. బుధవారం ఆకులు. గురువారం, ఎవరైనా చెవి విరగ్గొట్టుకుని ఉంటే దానికి మరమ్మతు. శుక్రవారం ఆరిన బొమ్మకు రంగు, ఉండ్రాళ్ళు, బొమ్మ ఇంటికి. పండుగయ్యాక 15న గానీ 16న గానీ తరగతి బొమ్మ ఒక్కటి నీళ్ళలో కరిగించడం.

సోమవారం 32 మందినీ ఒకేసారి మట్టి ముందు కూర్చోబెట్టకండి. ఎనిమిది మంది చొప్పున నాలుగు జట్లు, జట్టుకు 25 నిమిషాలు. టీచర్ మట్టి జట్టుతో, ఆయా మిగతా పిల్లలతో. మిగతావాళ్ళకు చుక్కలు కలిపే బొమ్మో, బ్లాకులో ఇవ్వండి. చేతులు కడగడానికి కుళాయి దగ్గర బారు కట్టిస్తే సగం పూట పోతుంది. మూడు టబ్బులు వరసగా పెట్టండి. మొదటి దాంట్లో మట్టి వదిలించుకోవడం, రెండో దాంట్లో సబ్బు, మూడో దాంట్లో మంచి నీళ్ళు. మొదటి టబ్బు నీళ్ళు సింకులో పోయొద్దు. మట్టి గొట్టంలో పేరుకుంటే ప్లంబరే రావాలి. చెట్టు మొదట్లో పోయించండి.

గరికపోచ:
పత్రి గురించి ఒక హెచ్చరికతో మొదలుపెడతాను. "రేపు పత్రి పంపండి" అని డైరీలో రాస్తే తల్లిదండ్రులు బజారులో కట్ట కొని పంపుతారు. పూజకు చెప్పే 21 పత్రాల్లో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉన్నాయి. మూడూ విషమే. ఉమ్మెత్త ఆకు నలిపిన చేత్తో కన్ను నులుముకుంటే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది. తింటే ప్రాణాపాయం. గన్నేరులో ఏ భాగం నమిలినా గుండెకు ప్రమాదం. జిల్లేడు పాలు కంట్లో పడితే నీళ్ళతో బాగా కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇంట్లో పెద్దవాళ్ళు పూజలో వాడుకోవడం వేరు, 32 మంది చిన్నపిల్లలు చేత్తో పట్టుకోవడం వేరు.

అందుకే డైరీలో ఆకుల పేర్లు రాయండి. ఇవి చాలు: గరిక, తులసి, మామిడి, దానిమ్మ, మరువం, జాజి, రావి. మారేడు కావాలంటే ముళ్ళు తీసి ఆకు మాత్రమే. రేగు, వాకుడు, జమ్మి ముళ్ళవి, వదిలేయండి. మాచిపత్రి వాసన పిల్లలకు భలే నచ్చుతుంది. కొందరికి చర్మం దురద పెడుతుంది, కాబట్టి ముందు టీచరే నలిపి వాసన చూపించాలి. ఇంటికొక రకం అని పంచితే ఒకే తులసి మొక్కను అందరూ దూయరు.

ఏడు రకాలతో యూకేజీకి ఏం చేయొచ్చు? కళ్ళు మూసి వాసన చూసి తులసో మరువమో చెప్పమనండి. గరిక పోచలు మూడేసి లెక్కపెట్టి కట్టలు కట్టించండి. మారేడులో ఒకే కాడకు మూడు రెక్కలుంటాయని వాళ్ళనే కనిపెట్టనివ్వండి, మనం ముందే చెప్పేయొద్దు. మామిడాకు, తులసాకు పక్కపక్కన పెట్టి అంచు తడమమనండి. ఒకటి నున్నగా, ఒకటి గరుగ్గా ఉంటుంది.

ఆకు అచ్చుకు రావిని మించింది లేదు. ఈనెలు ఉబ్బెత్తుగా ఉంటాయి, చివర తోక ఉంటుంది. ఆకును బోర్లించి, అంటే ఈనెల వైపు పైకి పెట్టి, పల్చటి కాగితం కప్పి, క్రేయాన్ మీది కాగితం ఒలిచేసి అడ్డంగా పడుకోబెట్టి రుద్దాలి. మొనతో రుద్దితే గీతలే వస్తాయి, ఆకు రాదు. ఎండిన ఆకు పిండైపోతుంది, ఆ పొద్దున కోసినదే కావాలి. కాగితం జరగకుండా పైనా కిందా టేపు వేయండి. ఆ వయసు పిల్లలు ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో రుద్దలేరు.

పని అవగానే సబ్బుతో చేతులు కడిగించాలి. ఆ తర్వాతే డబ్బాలు తెరవాలి.

పలకబలపం:
గరికపోచ గారూ, ఉమ్మెత్త సంగతి ఆలోచించనే లేదు. డైరీ నోటు మార్చేస్తాను.

ఇంకో రెండు సందేహాలు. కళ్ళకు గురివింద గింజలు పెడితే అందంగా ఉంటుందని ఒకరన్నారు. ఇంకొకరు అచ్చుల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి తీసేస్తే పది నిమిషాల పని అంటున్నారు.

కుమ్మరిసారె:
గురివింద గింజ తరగతి గది గడప తొక్కకూడదు. పైపెంకు గట్టిది కాబట్టి మింగినా ఏం కాదనుకుంటారు. కొరికితే, నమిలితే అందులో విషం చాలా తీవ్రమైనది. పైగా ముక్కులో, చెవిలో పెట్టుకునే సైజు. మిరియాలు, పెసలు కూడా ఆ సైజువే. కళ్ళకు పెన్సిల్ వెనక వైపుతో రెండు గుంటలు నొక్కితే చాలు.

ప్లాస్టర్ నీళ్ళు కలిపాక గట్టిపడుతూ వేడెక్కుతుంది. పిల్లవాడు చేయి పెట్టి అలాగే ఉంచితే కాలుతుంది. పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చివరికి నీళ్ళలో కరగదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన నిమజ్జన మార్గదర్శకాలు కూడా ప్లాస్టర్ వద్దు, మట్టివే చేయమంటున్నాయి. అచ్చే కావాలంటే మట్టితోనే అచ్చు వేయొచ్చు. అచ్చు లోపల గోధుమపిండి చల్లి మట్టి అదిమితే అంటుకోకుండా వస్తుంది. కానీ అప్పుడు పిల్లలు చేసిందేముంది, 32 ఒకేలాంటి బొమ్మలు తప్ప?

పూలసజ్జ:
నర్సరీ వాళ్ళకు ఎవరూ చెప్పలేదు కాబట్టి నాలుగు మాటలు. మూడేళ్ళ పిల్లలు మట్టి నోట్లో పెట్టుకుంటారు. వాళ్ళకు గోధుమపిండి ముద్ద మేలు. రెండు కప్పుల పిండికి చెంచాడు పసుపు, ముప్పావు కప్పు నీళ్ళు దగ్గర పెట్టుకుని కొంచెం కొంచెంగా పోస్తూ కలపాలి. చెంచాడు నూనె వేస్తే చేతికి అంటదు. ఉప్పు వేస్తే చాలా రోజులు నిలుస్తుందని ఇంటర్నెట్‌లో అందరూ చెబుతారు. ఒక కప్పు ఉప్పు పోసిన పిండిని పిల్లవాడు తింటే మంచిది కాదు, దాన్ని మొక్క తొట్టిలో వేస్తే మొక్క చచ్చిపోతుంది. ఉప్పు లేకుండా చేసి, ఆ రోజే పని ముగించండి. గోధుమ పడని పిల్లలుంటే బియ్యప్పిండి.

పూర్తి బొమ్మ ఆశించొద్దు. కాగితం పళ్ళెం మీద పెద్ద ఉండ, చిన్న ఉండ నొక్కి, ఒక తాడు తొండంగా అతికిస్తే మూడేళ్ళకు అదే వినాయకుడు. ఎలుక ఇంకా తేలిక. చుక్క ఆకారం ముద్ద, వెనక గరికపోచ తోక.

ఇంకో మాట. ప్రతి తరగతిలో ఒకరిద్దరు మట్టి ముట్టుకోనంటారు, చేయి జిడ్డుగా అవుతుందని ఏడుస్తారు. బలవంతం చేయకండి. మట్టిని పల్చని ప్లాస్టిక్ కవర్లో వేసి పైనుంచి నొక్కనివ్వండి, లేదా పుల్లతో గీతలు గీసే పని ఇవ్వండి. చేతి మీద పుండు, గాయం ఉన్నవాళ్ళకు కూడా ఇదే పద్ధతి.

ఆవిరికుడుము:
ఉండ్రాళ్ళ లెక్క. గ్లాసు బియ్యపు రవ్వకు రెండు గ్లాసుల నీళ్ళు, చెంచాడు నూనె, ఉప్పు, జీలకర్ర. నీళ్ళు మరిగాక మంట తగ్గించి రవ్వ పోస్తూ కలపాలి, లేకపోతే ఉండకడుతుంది. మూత పెట్టి సన్న సెగ మీద ఎనిమిది నిమిషాలు, దింపి పది నిమిషాలు మూత తీయకుండా మగ్గనివ్వాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడు చేయి తడి చేసుకుని ఉండలు చుట్టి ఆవిరి మీద మరో పది నిమిషాలు. మామూలు గ్లాసుకు నిమ్మకాయంత ఉండలు పదిహేను దాకా వస్తాయి. మీకు రెండున్నర గ్లాసులు.

గట్టిపడ్డాయంటే నీళ్ళు తక్కువ పోశారు, లేదా చుట్టాక మూత లేకుండా వదిలేశారు. విరిగిపోతున్నాయంటే చల్లారాక చుట్టారు. వేడి మీద చుడితేనే పట్టు ఉంటుంది. పిల్లల చేత చుట్టించాలనుకుంటే టీచర్ చేయి పెట్టి చూశాకే ఇవ్వాలి. పైన వెచ్చగా, నడుమ మండిపోతూ ఉంటుంది. చుట్టాక ఎలాగూ ఆవిరి పడతారు కాబట్టి శుభ్రత భయం తక్కువ. మట్టి రోజున మాత్రం పిండి పని పెట్టొద్దు, ఎంత కడిగినా గోళ్ళలో మట్టి ఉంటుంది.

మామూలుగా నానబెట్టిన శనగపప్పు వేస్తాం. ఐదేళ్ళ లోపు వాళ్ళకు మెత్తగా ఉడికించి వేయండి లేదా మానేయండి. సగం ఉడికిన పప్పు గొంతుకు అడ్డం పడుతుంది. ఉండను చిదిమి ఇవ్వండి, గుండ్రంగా నోట్లో వేసుకోనివ్వొద్దు. పచ్చి కొబ్బరి ముక్కలు, సెనగ గుగ్గిళ్ళు కూడా అంతే. కొబ్బరి తురిమి ఇవ్వొచ్చు. తురుము కలిపిన కుడుములు త్వరగా పులుస్తాయి, పొద్దున చేస్తే మధ్యాహ్నం దాకా ఉంచొద్దు. నువ్వులు, పల్లీలు, జీడిపప్పు పడని పిల్లలెవరో ముందే అడగండి. అందరూ ఇంటినుంచి డబ్బాలు తెచ్చి పంచుకునే పద్ధతిలో ఎవరి కుడుములో ఏముందో తెలియదు. ఒక్క చోట వండించడమే నయం.

నాలుగోపేజీ:
మీది ప్రైవేటు బడా, ప్రభుత్వ బడా చెప్పలేదు. అది తెలియాలి. రాజ్యాంగం 28వ అధికరణ ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన చేయకూడదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్నవాటిలో, సాయం పొందేవాటిలో మతబోధనకు గానీ ఆరాధనకు గానీ హాజరు కావాలని ఎవరినీ బలవంతం చేయకూడదు. మైనర్లయితే సంరక్షకుల అంగీకారం కావాలి. మట్టి బొమ్మ, ఆకుల పరిచయం, కథ వరకు చేతిపనిగా, పరిసరాల పాఠంగా జరుగుతాయి. పూజ పెడితే మాత్రం చీటీ పంపి అంగీకారం తీసుకోవాల్సిందే.

బాసింపట్టు:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ దీపం లేదు, మంత్రం లేదు, పూజ లేదు. ఇక పండుగ ఏముంది? డ్రాయింగు పీరియడ్ అనొచ్చు కదా.

బడిగంట:
బాసింపట్టు గారూ, పూజ ఇంట్లో 14న ఎలాగూ చేస్తారు. 32 మంది ఉన్న గదిలో హారతి కర్పూరం, అగరుబత్తి పెడితే కాలే భయం ఒకటి, ఉబ్బసం ఉన్న పిల్లలకు పొగ ఇంకొకటి. పైగా నలభై నిమిషాల పూజలో ఐదేళ్ళవాడు చేసేదేమిటి? చేతులు కట్టుకుని కూర్చోవడం. మట్టి పిసకడంలో వాడికి పండుగ ఉంది.

బాసింపట్టు:
కూర్చోవడం కూడా నేర్చుకోవాలి కదండీ. అయినా నిప్పు సంగతి ఒప్పుకుంటాను. దీపం వెలిగించకుండా ప్రమిద, పూలు పెట్టి ఒక్క శ్లోకం చెప్పించండి, రెండు నిమిషాలు. అదైనా ఉండాలని నా పట్టు.

నాలుగోపేజీ:
అంగీకారం ఉన్న చోట అభ్యంతరం లేదు. వేరే మతం పిల్లలను ఆ రెండు నిమిషాలు బయట నిలబెట్టడం మాత్రం చేయకండి. అది వాళ్ళకు శిక్షలా ఉంటుంది. ఎవరు ఏం చేస్తారో ముందే పనులు పంచేయండి. ఒకరు ఆకులు బుట్టలో సర్దడం, ఒకరు పళ్ళేలు లెక్కపెట్టడం. ఏ పనిలోనూ ఎవరూ విడిగా కనపడరు. వినాయకుడు వద్దనే ఇల్లు ఉంటే ఆ బిడ్డ అదే మట్టితో ఏనుగు చేస్తాడు, మెలకువలు అవే.

కథలసంచి:
కథ గురించి. ఈ వయసుకు తల నరకడం కథ మొదటిది కాకూడదు. ముల్లోకాలు చుట్టి, అక్కడి నదుల్లో స్నానం చేసి రమ్మంటే కుమారస్వామి నెమలెక్కి పోవడం, వినాయకుడు అమ్మానాన్నల చుట్టూ తిరగడం, ఇదే సరిగ్గా సరిపోతుంది. ఏడు నిమిషాల్లో అయిపోతుంది, ఆడించొచ్చు కూడా. రెండు కుర్చీలు అమ్మానాన్నలు. ఒక పిల్లవాడు గది చుట్టూ పరుగు, ఇంకొకడు కుర్చీల చుట్టూ మూడు ప్రదక్షిణలు. కుమారస్వామి వెళ్ళిన ప్రతి చోటా అన్న అప్పటికే స్నానం చేసి ఎదురొచ్చే ముక్కను మళ్ళీ మళ్ళీ చెప్పండి. మూడోసారికి పిల్లలే అందుకుంటారు.

ఎవరో ఒకరు ఏనుగు తల ఎందుకని అడుగుతారు. "శివుడికి కోపం వచ్చింది, పిల్లవాడి తల పోయింది, అమ్మ ఏడ్చింది, ఏనుగు తల పెట్టి మళ్ళీ బతికించారు" అని నాలుగు ముక్కల్లో మామూలు గొంతుతో చెప్పి ముందుకు పోండి. దాచితే ఇంకా గుచ్చిగుచ్చి అడుగుతారు, వర్ణిస్తే రాత్రి భయపడతారు. చంద్రుడు నవ్వితే బొజ్జ పగిలిన కథ చెప్పేటప్పుడు గదిలో లావుగా ఉన్న పిల్లల వైపు చూపులు పోతాయి. అది మీ తరగతిని బట్టి చూసుకోండి. శ్యమంతకమణి మూడో తరగతి దాకా ఆగొచ్చు. అన్ని పేర్లు ఇప్పుడెందుకు.

పలకబలపం:
ప్రైవేటు బడే అండీ, అంగీకారం చీటీ పంపుతాం. ఇక రంగు, నిమజ్జనం మిగిలాయి. బొమ్మలో విత్తనాలు పెడితే కరిగాక మొక్క వస్తుందంటున్నారు. మెంతులు పెట్టనా?

గరికపోచ:
తడి మట్టిలో మెంతులు పెడితే ఆరే లోపే నానిపోయి మొలకలెత్తుతాయి. ఐదు రోజుల తడి వాటికి చాలు. ఉబ్బి బొజ్జ చీల్చేస్తాయి. కరిగించాక ఆ మట్టిని తొట్టిలో పోసి అప్పుడు చల్లండి, మెంతులైతే వారం లోపే పైకి వస్తాయి.

రంగుకు పసుపు నీళ్ళు, జాజు, తెలుపుకు బియ్యప్పిండి చాలు. కుంకుమ పిల్లల చేతికివ్వకండి. బజారు కుంకుమల్లో కృత్రిమ రంగులుంటాయి, కంట్లో పడితే గొడవ. మట్టి పూర్తిగా ఆరాకే, కుంచె బాగా పిండి పూయాలి. తడి ఎక్కువైతే చెవులు మెత్తబడి జారిపోతాయి. ఆయిల్ పెయింటు, వార్నీషు వేస్తే నీళ్ళు లోపలికి పోవు, తొక్క అలాగే తేలుతుంది.

నిమజ్జనానికి అడుగు కనిపించే పారదర్శక టబ్బు, జానెడు నీళ్ళు. బాగా ఎండిన మట్టి త్వరగా కరుగుతుంది, పచ్చి మట్టి ముద్దలాగే ఉండిపోతుంది. వినడానికి తిరకాసుగా ఉన్నా అదే నిజం. ఎండిన మట్టి సందుల్లోకి నీరు దూరి గాలిని తోసేస్తుంది. పెట్టగానే బొమ్మ ఒంటి నిండా బుడగలు లేస్తాయి, తర్వాత చెవులు, ఆ తర్వాత తొండం పొరలుపొరలుగా జారతాయి. పిల్లల చేత కలియబెట్టించకండి, చూడటమే పని. పెట్టేముందు ఏది ముందు కరుగుతుందో అడిగి బోర్డు మీద గీతలు పెట్టండి. పోల్చడానికి పక్కన చిన్న గిన్నెలో తడి మట్టి ఉండ ఒకటి వేయండి. మీ సైజు బొమ్మ అరగంట నుంచి గంట లోపు కుప్ప కూలుతుంది.

టబ్బును ఒక్క నిమిషం కూడా వదిలి వెళ్ళొద్దు, జానెడు నీళ్ళు చిన్నపిల్లలకు ప్రమాదమే. మెడకు ఈనె పెట్టి ఉంటే కరిగాక వెతికి తీసేయండి.

పలకబలపం:
అర్థమైంది. ఆ టబ్బు మట్టి ఏం చేయాలి? మిగిలిన మూడు కిలోల ముద్ద కూడా ఉంటుంది.

కుమ్మరిసారె:
టబ్బును రాత్రంతా మూతపెట్టి కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి నీరు తేరుకుంటుంది, పైనీళ్ళు మొక్కలకు, అడుగు మట్టి తొట్టికి. వారం వదిలేస్తే దోమలు గుడ్లు పెడతాయి. మిగిలిన ముద్దను తడి గోనెలో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి, నీడలో పెట్టండి. వారానికోసారి నీళ్ళు చిలకరిస్తే దసరా దాకా మెత్తగా ఉంటుంది. అక్షరాలు చేయించడానికి వాడుకోవచ్చు. బూజు వాసన వస్తే పారేయండి.